నూట పద్దెనిమిదో బండి

మొదట దీన్ని చంపింది నేనే.
బుడమేరు దిగిపోయిన నాలుగోరోజు
సింగ్‌నగర్ సందులో, పిక్కల దాకా ఒండ్రులో నిలబడి
'టోటల్ లాస్' అని రాసి సంతకం పెట్టాను.
ఆ వారం నేను చూసిన నూట పద్దెనిమిదో బండి.
మిగతా నూట పదిహేడూ గుర్తులేవు.

దీనివి రెండే సీట్లు, గుడ్డ టాపు,
పాతికేళ్ళ కిందట గోవాలో చేసిన ఎరుపు.
హెడ్‌లైటు గాజులో సగానికి నీళ్ళు,
ఆ నీళ్ళలో
ఒక పరిగపిల్ల తిరుగుతోంది.
ఫారంలో దానికి గడి లేదు.

ఏడాది తర్వాత తుక్కుకొట్టులో మళ్ళీ కనపడింది.
కిలోల లెక్కన ఇస్తానన్నాడు.
ఫైబరు ఒళ్ళు కదా, కాటా ముల్లు పెద్దగా కదల్లేదు.
"బండేంటమ్మా ఇది, కాగితప్పడవ!"

ఆటోనగర్లో ఖుద్దూస్ భాయ్ లారీల వైద్యుడు.
చుట్టూ తిరిగి, వంగి, వేలితో కొట్టి చూసి
"తోలు బానే ఉంది, బొమికలకే తుప్పు" అన్నాడు.
"పందెమా? ఈ వయసులో? ఎవరితో?"
"ఎవరితోనూ కాదు భాయ్. ఖాళీ జాగాలో కోన్లు పెడతారు.
ఒక్కొక్కళ్ళం వాటి మధ్య మెలికలు తిరిగి రావాలి.
పోటీ గడియారంతోనే."
"అంటే సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్లో
మా బావమరిది ఆటోతో చేసేదేగా!"

ఆరు నెలల ఆదివారాలు.
సీటు విప్పితే ఒండ్రు, కార్పెట్ ఎత్తితే ఒండ్రు,
ఫ్యూజుల డబ్బాలో ఒండ్రు,
అందులో మొలిచి ఎండిపోయిన పెసర మొలక.
దొరకని బుష్‌లు లేత్ మీద తిప్పించాం.
హ్యాండ్‌బ్రేకు తీగ ఎవరి ట్రాక్టరుదో నేనడగలేదు.
ఇంజను బలం పెంచుదామా అంటే
"ఆగడం రానివాడికి పరుగెందుకు?" అని
ఇస్సాకుని బ్రేకు మీద కూచోబెట్టాడు.
తొక్కు. పట్టు. వదులు. తొక్కు.
గొట్టంలో నల్లనూనె తేనెరంగుకొచ్చేసరికి
కుర్రాడి కాలు తిమ్మిరెక్కి కుంటాడు.

ముందురోజు రాత్రి బరువులు దింపాం.
స్టెప్నీ, జాకీ, పాత స్పీకర్లు, తడిసి అట్టకట్టిన మ్యాటు.
డాష్‌బోర్డు అరలో చివరికి
ఒక కళ్ళజోడు, ఒక కంటికే అద్దం.
ఫారం కింద వణికిన సంతకం ఒకటుండేది.
ఆ పేరు నేను చదవనే లేదు.
ఎంత బరువుంటుందిలే,
తిరిగి అరలోనే పెట్టేశాను.

మంగళగిరి అవతల, ప్లాట్లు అమ్ముడుపోని వెంచరు.
తారు రోడ్లున్నాయి, ఇళ్ళు లేవు,
'క్లబ్ హౌస్' బోర్డు నీడలో గేదెలు.
టైర్ల భుజాల మీద సుద్దగీతలు గీశాడు భాయ్,
ఎంత వాలిందో అవే చెబుతాయట.
నంబరేం కావాలంటే చెప్పాను.
నల్లటేపుతో అతికించారు తలుపు మీద,
ఇంకా పోని నీటిమరకకి కాస్త పైన.

మొదటిసారి దారే తప్పాను.
కోన్లన్నీ ఒకేలా ఉన్నాయి, పెళ్ళిలో చుట్టాల్లాగా.
రెండోసారి మూడింటిని పడగొట్టాను, ఆరు సెకన్ల జరిమానా.
మూడోసారి బిగబట్టిన ఊపిరి
చివరి మలుపు దాకా వదల్లేదు.
వెనక చక్రాలు ఒక్క క్షణం జారి
మళ్ళీ నేలని పట్టుకున్నాయి.
అరవై నాలుగున్నర.

పదిహేడు మందిలో పదహారో స్థానం.
పదిహేడోవాడి క్లచ్చి కాలిపోయింది.
ఖుద్దూస్ భాయ్ ఫలితాల కాగితం వైపు చూడనే లేదు,
మోకాళ్ళ మీద కూచుని
ఎడమ టైరు మీద చెరిగిన సుద్ద చూసుకుంటున్నాడు,
"ఇంకో రెండు పాయింట్లు గాలి" అని తనలో తనే.

హెడ్‌లైటు లోపల ఒక పొలుసు ఇంకా అంటుకునే ఉంది.
విప్పితే గాజు పగులుతుందని వదిలేశాం.
మూడోసారి మలుపులో, ఎండ పడి,
అది తళుక్కుమందంటాడు ఇస్సాకు.
నేను చూడలేదు.
నేను లోపలున్నాను కదా.